ఇరవై మూడో ప్రశ్న

2017 మార్చి మొదటి సోమవారం, దోహాలోని ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫోమ్ గోడౌన్‌ను తనిఖీ చేసే పని నాకు పడింది. అంతకుముందు పంతొమ్మిదేళ్ళు అక్కడి ఒక బీమా కంపెనీలో రిస్క్ సర్వేయరుగా పనిచేశాను. చివరి నాలుగేళ్ళు సీనియర్ సర్వేయరు హోదా. ఫిబ్రవరితో ఆ ఉద్యోగం వదిలేసి, సొంతంగా బీమా ఏజెన్సీ పెట్టుకోవాలని బయటికి వచ్చాను. ఈ గోడౌన్ నా మొదటి ఫైలు.

రిస్క్ సర్వేయరంటే ఏం చేస్తాడని ఇండియాలో బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. ఒక గోడౌనుకో ఫ్యాక్టరీకో అగ్నిప్రమాద బీమా ఇచ్చేముందు కంపెనీ ఒక మనిషిని పంపుతుంది. అతను అక్కడ ఏం అంటుకోవచ్చో, అంటుకుంటే ఎంత దూరం పోతుందో, లోపలి మనుషులు ఎటునుంచి బయటపడతారో చూసి రిపోర్టు రాస్తాడు. ఆ రిపోర్టు చదివి పాలసీ ఇవ్వాలా వద్దా తేల్చే అధికారిని అండర్‌రైటరు అంటారు. సర్వేయరు చూస్తాడు, అండర్‌రైటరు నిర్ణయిస్తాడు. మధ్యలో తక్కువలో తక్కువ మూడు రోజులు పట్టేది. ఆ మూడు రోజుల సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత అవసరమవుతుంది.

నాకు పుట్టుకతోనే భయం ఎక్కువ. మా ఆవిడ శారద దాన్ని పిరికితనం అంటుంది. కంపెనీ దానికే పంతొమ్మిదేళ్ళు జీతమిచ్చింది. ఏ గదిలోకి వెళ్ళినా ముందు తలుపులు లెక్కపెట్టుకుంటాను. పెళ్ళి విందులో కూడా గ్యాస్ బండ ఎటువైపు ఉందో చూశాకే విస్తరి ముందు కూర్చుంటాను. కాని ఆ మార్చిలో పట్టుకున్న భయం వేరు. ఖతర్‌లో ఉద్యోగం వదిలితే వీసా నిలవదు. కొత్త వీసాకు కొత్త కంపెనీ కావాలి. నెలాఖరులోగా ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టకపోతే యాభై ఐదేళ్ళ వయసులో మేమిద్దరం పెట్టెలు సర్దుకుని తెనాలి బండెక్కాల్సిందే.

సంతకం పెట్టడానికి నా ముందు రెండు కాగితాలు ఉన్నాయి.

మొదటిది ఫ్రాంచైజీ. నాలుగైదు దేశాల్లో శాఖలున్న ఒక ఏజెన్సీ సంస్థ తన పేరూ, బోర్డూ, వీసా, సాఫ్ట్‌వేరూ అన్నీ ఇస్తుంది. మనం ఐదేళ్ళు వాళ్ళ పేరు మీద పనిచేయాలి. కమీషన్‌లో వాటా వాళ్ళకి పోతుంది, మనం తెచ్చిన ఖాతాదారుల జాబితా కూడా వాళ్ళదే అవుతుంది. ఇవన్నీ నాకు పెద్దగా పట్టలేదు. నన్ను లాగింది వాళ్ళ యాప్. గోడౌన్ దగ్గర నిలబడి నలభై ప్రశ్నలకు అవును, కాదు అని నొక్కి, పన్నెండు ఫొటోలు ఎక్కిస్తే చాలు. పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఏదో ఒకటి వస్తుంది. పచ్చ వస్తే పాలసీ ఇచ్చినట్టు. నిర్ణయం యాప్‌దే కాబట్టి ఇన్నేళ్ళుగా మోస్తున్న భయం ఇక వాళ్ళకి అప్పజెప్పవచ్చని నాకు లోలోపల గొప్ప ఊరటగా ఉండేది. సంతకానికి ముందు ఒక నెల ప్రయత్నంగా పనిచేసి చూడమన్నారు.

రెండోది సొంత పేరు. దోహాకు దగ్గర్లోని ఉమ్ సలాల్‌లో ఒక పెద్దమనిషి తోటకు నేను ఎప్పుడో సర్వే చేశాను. పంపు గదిలో వైర్లు కాలిపోయేలా ఉన్నాయని చెప్పి ఆయన చేత మార్పించాను. ఆయన స్థానికుడు, అలాంటి భాగస్వామి లేనిదే మనబోటి వాళ్ళకు అక్కడ లైసెన్సు రాదు. లైసెన్సుకు భాగస్వామిగా ఉంటానని, బీమా కంపెనీలతో నేను నేరుగా మాట్లాడుకోవచ్చని అన్నాడు. నా సందేహాలన్నీ విని, "మాఫీ ముష్కిల్" అని నవ్వి ఖర్జూరాలు ముందుకు జరిపాడు. ఇబ్బందేమీ లేదని ఆయన అంటుంటే నాకు ఇబ్బందులు తప్ప మరేమీ కనిపించలేదు. సొంత పేరంటే ప్రతి తప్పూ నా పేరు మీదే వస్తుంది. శారదతో ఫ్రాంచైజీ వైపే మొగ్గుతున్నానని చెప్పాను. సరే, అక్కడైనా నిద్రపోతారేమో చూద్దాం, అంది.

ఇక ఆ సోమవారం. గోడౌన్ యజమాని మొయిన్ భాయ్‌ది నిజామాబాద్. సోఫాలకు ఫోమ్ కోసి అమ్మే వ్యాపారం. నాకు పదేళ్ళ పరిచయం, కాబట్టే నా మొదటి ఫైలు అయ్యాడు. తొమ్మిదిన్నరకు వెళ్ళాను. ఫోమ్ దిమ్మలు ఒకదాని మీద ఒకటి పైకప్పుకు మూరెడు దూరం దాకా పేర్చి ఉన్నాయి. వెనక మూలన జిగురు డ్రమ్ములు, థిన్నర్ డబ్బాలు. ఫోమ్ అంటుకుంటే మంట కంటే ముందు పొగ చంపుతుంది. థిన్నర్ ఆవిరి కంటికి కనబడదు, నేలబారుగా పాకి ఎక్కడో ఉన్న నిప్పును వెతుక్కుంటూ పోతుంది. ఇలాంటి చోటికి ఎప్పుడు వెళ్ళినా తలుపులు రెండుసార్లు లెక్కపెట్టుకుంటాను.

నడవల వెడల్పు కొలిచాను. మంటలార్పే సిలిండర్ల మీద తేదీలు చూశాను. కరెంటు బోర్డు తెరిచి చూశాను. లోపల వంట, పొగతాగడం, గాలికి తెరిచి ఉండే మంట ఏమైనా ఉన్నాయా అని అడిగాను. మొయిన్ భాయ్ నా కళ్ళలోకి చూడకుండా, "ఏం లేదు రావ్ సాబ్, అంతా క్లీన్," అన్నాడు. ఎవరో ఫోన్ చేస్తే మాట్లాడుకుంటూ కారెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు థిన్నర్ ఘాటు వెనక నుంచి నువ్వుల నూనె వాసన వచ్చింది.

జిగురు డ్రమ్ములకు ఆరడుగుల దూరంలో పనివాళ్ళు బట్టలు పెట్టుకునే ఇనప లాకర్లు ఉన్నాయి. మూడో లాకరు తలుపు ఓరగా తీసి ఉంది. లోపల వేములవాడ రాజన్న పటం, పటం ముందు బిస్కెట్ డబ్బా మూతలో చిన్న దీపం. పక్కన చేతులు కట్టుకుని స్టోర్‌కీపరు గంగాధర్. జగిత్యాల దగ్గర ఊరు, ఈ గోడౌన్‌లో ఏడేళ్ళుగా పని. నన్ను చూడగానే లాకరుకు అడ్డం వచ్చాడు.

"సార్, మా సేటుకు చెప్పకుండ్రి సార్. రూంల పదిమందిమి ఉంటం, ఆడ ముట్టియ్యనియ్యరు. సోమారం ఒక్కనాడే సార్," అన్నాడు. భార్యకు ఆపరేషన్ అయినప్పుడు మొక్కుకున్నాడట, తను తిరిగి ఇంటికి చేరేదాకా సోమవారం సోమవారం దీపం పెడతానని. ఆమె బతికింది. మొక్కు తప్పితే ఆమెకేమవుతుందోనని అతని భయం. ఆ భయం నాకు బాగా అర్థమైంది, అదే వచ్చిన చిక్కు.

నా వృత్తి ప్రకారం ఆ క్షణంలో చెయ్యాల్సింది ఒకటే. మంట ఆర్పాలి, తర్వాత మాట్లాడాలి. చెయ్యి లేపాను కూడా. కాని వెలుగుతున్న దీపాన్ని ఆర్పడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. మా ఇంట్లో దీపం ఆరిందని ఎవరూ అనరు, కొండెక్కిందంటారు. ఇంకొకళ్ళ మొక్కు దీపాన్ని, అందులోనూ ఒక ఆడమనిషి ప్రాణం పేరు మీద వెలిగించినదాన్ని, నా నోటితో ఊదడమా? లేపిన చెయ్యి రెండో చేతిని కలుపుకుని నమస్కారమైపోయింది. మూతలో నూనె అరగంటకు మించి రాదని అంచనా వేశాను. "ఇదే ఆఖరు గంగాధర్. కొండెక్కిందాకా ఇక్కడే ఉండి చూడు, వచ్చే వారం నుంచి వద్దు," అన్నాను. అతను రెండు చేతులూ జోడించాడు.

గేటు దగ్గర నిలబడి యాప్ తెరిచాను. ఇరవై మూడో ప్రశ్న: ఆవరణలో తెరిచి ఉన్న మంట ఏదైనా ఉందా? పాలసీ చేతికొచ్చేసరికి ఎలాగూ ఉండదు కదా అనుకున్నాను. నా బుర్రలో ఇంకా పాత కంపెనీ మూడు రోజులే ఉన్నాయి. లేదు అని నొక్కాను. నాలుగు నిమిషాల్లో తెర పచ్చబడింది. ఈ క్షణం నుంచే బీమా అమల్లో ఉంది, అభినందనలు, అని వచ్చింది.

దీపం లోపల ఇంకా వెలుగుతోంది.

వెనక్కి వెళ్ళి ఉండాల్సింది. పదకొండుకు హోటల్లో శిక్షణ తరగతి ఉంది, హాజరు తప్పనిసరి అని ఫోన్లో గుర్తుచేశారు. ఇంకో పావుగంట నూనె అంతే కదా అని నాకు నేను చెప్పుకుని కారు తీశాను. అది బద్ధకం కాదు, భయమే. కొత్త యజమాని ముందు మొదటి రోజే ఆలస్యం కాకూడదన్న చిన్న భయం, పెద్ద భయాన్ని పక్కకు తోసేసింది.

హాల్లో పాతికమందిమి ఉన్నాం. శిక్షకుడు మర్యాదైన కుర్రవాడు. అందరికంటే వేగంగా మొదటి ఫైలు ముగించిన వాడినని నన్ను లేపి చప్పట్లు కొట్టించాడు. నేను కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాను. ఇండస్ట్రియల్ ఏరియా వైపు నల్లగా ఏదో లేస్తున్నట్టు కనిపించింది. పక్కనున్నాయనను అడిగితే అది దుమ్మన్నాడు. ఫోన్ కదిలినప్పుడల్లా తీసి చూశాను. గంగాధర్ నంబరు తీసుకోలేదు. మొయిన్ భాయ్‌కి చేస్తే గంగాధర్ ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే అతను ఇంటికి చేరతాడు కాబట్టి మొక్కు తీరినట్టేనన్న పాడు ఆలోచన కూడా ఒకటి వచ్చిపోయింది. భయపడ్డ బుర్ర అలాంటివి ఆలోచిస్తుంది.

విరామంలో శిక్షకుణ్ణి పక్కకు పిలిచి, ఇచ్చిన జవాబు మార్చవచ్చా అని అడిగాను. మార్చితే ఫైలు ఎరుపవుతుందని, బీమా అక్కడికక్కడే రద్దవుతుందని, ఏడాదిపాటు ఆ గోడౌను మళ్ళీ యాప్‌లోకి రాదని, నా ప్రయత్నకాలం మీద మచ్చ పడుతుందని చెప్పాడు. వదిలేయండి సార్, యాప్ ఒప్పుకుంది కదా, ఇక మీరు నిశ్చింతగా ఉండండి, అన్నాడు. నేను కోరుకున్న మాట సరిగ్గా అదే. ఆ ఊరటతోనే సీట్లో కూర్చుని, బల్లమీద పెట్టిన ఒప్పందం నమూనా తిరగేశాను. పదకొండో పేజీలో రెండు వాక్యాలున్నాయి. పాలసీపై నిర్ణయం సంస్థది. యాప్‌లో ఇచ్చిన ప్రతి జవాబుకూ ఏజెంటు వ్యక్తిగతంగా బాధ్యుడు.

ఆ రెండు వాక్యాలూ మళ్ళీ మళ్ళీ చదివాను. అప్పజెప్పానని మురిసిపోయిన భయం ఎక్కడికీ పోలేదు, నా దగ్గరే ఉంది. పోయిందల్లా ఆ మూడు రోజులు. పాత కంపెనీలో అండర్‌రైటరుకు ఫోన్ చేసి, అయ్యా ఒక విషయం రాయలేదు, ఆగండి, అనే వీలుండేది. ఇక్కడ ఎవరికి చెప్పాలి? తరగతి మళ్ళీ మొదలవకముందే హాల్లోంచి బయటపడ్డాను.

పన్నెండూ నలభైకి గోడౌన్ చేరాను. షట్టర్ దించి తాళం వేసి ఉంది. మధ్యాహ్నం రెండింటిదాకా భోజన విరామం, పనివాళ్ళందరినీ కంపెనీ బస్సు వాళ్ళ గదులుండే క్యాంపుకు తీసుకెళ్ళింది. షట్టర్ సందుకు ముక్కు ఆనించాను. కాగిన నూనె వాసన వచ్చింది. అరగంట నూనె పోసిన దీపం రెండున్నర గంటల తర్వాత ఎందుకు వాసన వేస్తుంది? మొయిన్ భాయ్‌కి ఫోన్ చేశాను. ఏమిటో చెప్పలేదు, తాళంచెవితో తక్షణం రమ్మన్నాను. అతను రావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాలు షట్టర్ మీద అరచెయ్యి ఆనించి వేడెక్కుతోందా అని చూస్తూ నిలబడ్డాను. మార్చి ఎండకు రేకు ఎలాగూ వేడిగానే ఉంది.

షట్టర్ లేచింది. ఇద్దరం లాకర్ల దగ్గరికి పరుగెత్తాం. మూడో లాకరు తలుపు దగ్గరికి వేసి ఉంది. దాని గాలి సందుల్లోంచి వెలుగు కనిపిస్తోంది. తెరిచాను. బిస్కెట్ డబ్బా మూత లేదు. దాని చోట స్టీలు గిన్నె, గిన్నె నిండా నూనె, రెండు వత్తులు కలిపి పేనిన లావు వత్తి. మంట బొటనవేలంత లేచి, పై అర కింది రేకును తాకుతోంది. ఆ అరలో పాత డెలివరీ పుస్తకాల కట్ట ఉంది. కింది అట్ట అప్పటికే గోధుమ రంగుకు తిరిగి, అంచులు ముడుచుకుపోతున్నాయి.

మొయిన్ భాయ్ నావైపు చూశాడు. "ఆర్పు సాబ్, చూస్తవేంది?" అన్నాడు. మళ్ళీ తనే, "నేను ముట్ట. అది వాని దేవునిది," అని ఒకడుగు వెనక్కి వేశాడు.

జేబులోంచి సర్వే పెన్ను తీసి, దాని మొనతో వత్తిని నూనెలోకి నొక్కాను. చుయ్‌మని ఆరింది. పొగ ముఖానికి కొట్టింది. తప్పు చేశానన్న భయంతో లెంపలు వేసుకున్నాను, బతికామన్న ఊరటతో అక్కడే నేలమీద కూలబడ్డాను. రెండూ ఒకేసారి జరిగాయి.

పొద్దున జరిగిందీ, యాప్‌లో నేను నొక్కిందీ మొయిన్ భాయ్‌కి చెప్పాను. రెండింటికి బస్సు వచ్చింది. గంగాధర్ మమ్మల్ని లాకరు దగ్గర చూసి ఏడవడం మొదలుపెట్టాడు. "సారే ఆఖరుదన్నడు గద. ఆఖరు దీపం జెల్ది కొండెక్కుతె మంచిది కాదని గిన్నె నింపిన. బస్సొచ్చింది, అందరు యల్లా యల్లా, నడు నడు అని పిలిచిన్రు, తలుపు దగ్గరికేసి పోయిన," అన్నాడు. ఉన్నదాన్ని ఆర్పకుండా వదిలి, ఇదే ఆఖరని నేనన్న మాటే అతని చేత గిన్నె నింపించింది. ఆ గోడౌన్‌లో ఏడేళ్ళలో వెలిగిన అతి పెద్ద మంట నా అనుమతితో వెలిగింది.

మొయిన్ భాయ్ అతన్ని తిడతాడనుకున్నాను. అతను నన్ను పట్టుకున్నాడు. "నాకు తెల్వదనుకున్నవా సాబ్? నూనె వాసన నాకు రాదా? చూడనట్టే ఉన్న. నువ్వడిగితే లేదన్న. నువ్వు చూసి కూడ లేదని రాసినవు. ఇంక వాన్నేమంటం?" అన్నాడు.

అక్కడే నిలబడి యాప్ తెరిచి ఇరవై మూడో జవాబు మార్చాను. తెర ఎరుపెక్కింది, బీమా రద్దయింది. ఆ సాయంత్రానికి ఫ్రాంచైజీ వాళ్ళ దగ్గర్నుంచి ప్రయత్నకాలం ముగిసిందని మర్యాదగా ఉత్తరం వచ్చింది. కాబట్టి నేను ధైర్యంగా స్వతంత్రాన్ని ఎంచుకున్నానని ఎవరైనా రాస్తే నమ్మకండి. రెండు దారుల్లో ఒకటి నా చేతులతో నేనే మూసుకున్నాను, మిగిలినదాంట్లో నడిచాను. ఉమ్ సలాల్ పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెబితే ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఇలాంటివి నాకు కూడా ముందే చెబుతావు కదా, అని అడిగాడు. చెబుతానన్నాను. సంతకాలయ్యాయి.

లైసెన్సు వచ్చి, పాత కంపెనీ అండర్‌రైటరు కాగితం కదిలించేదాకా మొయిన్ భాయ్ గోడౌన్ ఏ బీమా లేకుండా పడి ఉంది. ఆ వారాలన్నీ రోజూ పొద్దున్నే అటువైపు కారు పోనిచ్చి, పైకప్పు మీద పొగ లేదని చూసుకున్నాకే వేరే పనికి వెళ్ళేవాణ్ణి. కొత్త రిపోర్టులో దీపం సంగతి, లాకరు సంగతి, నేను మొదట తప్పు జవాబిచ్చిన సంగతి అన్నీ రాశాను. అండర్‌రైటరు నాకు ఫోన్ చేసి, పంతొమ్మిదేళ్ళలో నీ రిపోర్టుల్లో నీ తప్పు కనిపించడం ఇదే మొదలు, అన్నాడు. ఆవరణలో మంట ఉండరాదన్న షరతుతో పాలసీ ఇచ్చాడు.

గంగాధర్‌కు ఆ షరతు చదివి వినిపించాను. తల ఊపాడు. "మరి నా మొక్కు సార్?" అని అడిగాడు. ఒక భయాన్ని ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి మీదికి మార్చడమే నా వ్యాపారం. ఈసారి నా మీదికే మార్చుకుని, ఇక సోమవారం దీపం మా ఇంట్లో పెడతామన్నాను. ఆ రాజన్న పటం నా కారులో మా ఫ్లాటుకు వచ్చింది. శారద వంటింటి గట్టు మీద చోటు చేసింది. గంగాధర్ భార్య పేరేమిటో మాత్రం కనుక్కోమంది, సంకల్పంలో చెప్పాలట.

అతను ఇంటికి వెళ్ళడానికి ఇంకా ఏడాది పైన పట్టింది. అన్ని సోమవారాలూ దీపం కొండెక్కాకే ఇల్లు కదిలేవాణ్ణి, నా ఆఫీసు పది దాటాకే తెరుచుకునేది. సోమవారం పొద్దున ఫోన్ చెయ్యొద్దని ఖాతాదారులకు ముందే చెప్పాను, కారణం ఎవరికీ చెప్పలేదు. జగిత్యాల నుంచి గంగాధర్ ఫోన్ చేసి, ఇంటికి చేరిన, ఆమె మంచిగనే ఉంది, అన్నాక వంటింట్లో ఆఖరి దీపం పెట్టాం. శారద కొంచెమే నూనె పోసింది.

కొత్తగా ఏజెన్సీ పెట్టేవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు, ఫ్రాంచైజీ మేలా, సొంతం మేలా అని. నేను ఏది మేలో చెప్పను. ఒప్పందంలో జవాబులకు ఎవరు బాధ్యులో రాసిన పేజీ ముందు చదవమంటాను. తప్పు రాస్తే చెప్పుకోవడానికి అవతల ఒక మనిషి ఉన్నాడో లేడో కనుక్కోమంటాను. ఆ రెండూ తెలిశాక ఎందులో చేరినా ఒకటే. మంట చూసినప్పుడు మాత్రం, అది ఆరేదాకా అక్కడినుంచి కదలకండి.